కుడి చెయ్యి పొడుగు కోటు

సూదిపిల్లకి చేతులు ఆగడం లేదు. బల్ల మీద మూట ఉంది, మూటలో కోటుంది, ఆ మూట మీద రెండు చేతులూ ఆనించి గుడ్లు పొదిగే కోడిలా అత్త కూర్చుంది.

"ముందు ఒప్పందం మళ్ళీ చెప్పుకుందాం. తర్వాతే విప్పడం," అంది అత్త.

"ఇంకా ఏం చెప్పుకుంటామే? నిన్న ఫోన్లో నా చెవి వాచిపోయేదాకా చెప్పావుగా," అన్నాడు నాన్న. ఆయన కూర్చోలేదు. కాలు కాలిన పిల్లిలా గదంతా తిరుగుతూ, తిరిగినప్పుడల్లా వేలాడదీసిన రాజుగారి అంగీలకీ సైనికుల చొక్కాలకీ గుద్దుకుంటున్నాడు.

అది నాటకాలకీ సినిమాలకీ బట్టలు అద్దెకిచ్చే దుకాణం వెనక గది. సూదిపిల్ల ఉద్యోగం అక్కడే. పేరుకి పిల్లేగానీ నలభై దగ్గరపడుతోంది. చిన్నప్పుడు ఇంటికొచ్చిన చుట్టాల బట్టల అంచులన్నీ తిరగేసి చూసేదని అత్త పెట్టిన ముద్దుపేరు, వదలకుండా అంటుకుపోయింది. ఒక బట్ట ఏ పోగుతో నేసిందో, ఏ కాలంలో కుట్టిందో చెప్పడం ఆమె పని. కథ యాభై ఏళ్ళ కిందటిదైతే అందులో మనిషి నిన్నగాక మొన్న కుట్టిన కోటు వేసుకుని తిరక్కుండా చూడాలి కదా. ఆ పూట యజమానురాలు షూటింగుకి బట్టలు తీసుకుని వెళ్ళింది. గది ఖాళీ. ఇంతకంటే మంచి సమయం దొరకదని సూదిపిల్లే అందర్నీ రమ్మంది.

నాన్నకీ అత్తకీ తల్లి ఒకరే, తండ్రులు వేరు. నాన్న నడక నేర్వకముందే ఆయన తండ్రి జ్వరంతో పోయాడు. కొన్నేళ్ళకి నాయనమ్మ లారీలకి టార్పాలిన్లు కుట్టే ఆయన్ని పెళ్ళి చేసుకుంది. అత్త ఆయన కూతురు. అందుకే సూదిపిల్లకి ఇద్దరు తాతలు, ఒకరు చూడని తాత, ఇంకొకరు టార్పాలిన్ తాత. టార్పాలిన్ తాత పోయి చాలా కాలమైంది. ఆయన షెడ్డు తాళమేసి ఉండిపోయింది. అది ఎవరికో అప్పగించాల్సి వచ్చి అత్త మొన్న ఖాళీ చేయిస్తుంటే, అటక మీద నాలుగు వైపులా కుట్టేసిన టార్పాలిన్ మూట కనిపించింది. కత్తిరించి చూస్తే లోపల ఉన్ని కోటు.

"మా నాన్న కోటు దొరికింది అన్నయ్యా!" అని సంబరంగా ఫోన్ చేసింది అత్త. "మీ నాన్నదని ఎందుకనుకుంటున్నావ్? మా నాన్నది ఎందుకు కాకూడదు?" అన్నాడు నాన్న. అంతే, అక్కణ్ణుంచి యుద్ధం మొదలు.

నాన్న పంతంలో అర్థముంది. చూడని తాతది ఒక ఫొటో లేదు, ఆయన తల దువ్వుకున్న దువ్వెన కూడా మిగల్లేదు. అరవై ఎనిమిదేళ్ళొచ్చినా తండ్రి ఎలా ఉండేవాడో నాన్నకి తెలియదు. రెండో ఆయన ఇంట్లో కాలు పెట్టగానే మొదటాయన వస్తువులన్నీ ఊడ్చేశాడని ఆయన నమ్మకం. పంతొమ్మిదో ఏట ఆ మాట మొహమ్మీదే అనేసి ఇల్లు వదిలి వచ్చేశాడు. తర్వాత తల్లిని చూడ్డానికి వెళ్ళేవాడుగానీ ఆ మనిషితో మాట కలిపింది లేదు. ఇప్పుడు ఆ మనిషి అటక మీద కోటు దొరికిందంటే, నాన్నకి నిన్నటి నుంచి అన్నం సయించడం లేదు.

అత్త పంతంలోనూ అర్థముంది. ఆవిడకి తన తండ్రి అంటే ప్రాణం. షెడ్డు ఖాళీ చేస్తే చేతికి మిగిలింది ఈ మూట ఒక్కటే.

"విను కోడలా," అంది అత్త. "మా నాన్న పెళ్ళికి పక్కింటాయన కోటు అరువు తెచ్చుకుని వేసుకున్నాడు. మా అమ్మ జీవితాంతం దెప్పేది ఆ మాట. అంటే సొంత కోటు కొనుక్కుంటే గింటే ఆ తర్వాతే. కాబట్టి, ఈ కోటు మా అమ్మ రెండో పెళ్ళి కంటే పాతదైతే అన్నయ్య తండ్రిది. అన్నయ్యే తీసుకుంటాడు. కాదూ, కొత్తదైతే మా నాన్నది. నేను పట్టుకుపోతాను. నువ్వేం చెబితే అదే. మళ్ళీ మాట లేదు."

"అరవై ఏళ్ళ పైమాటే ఉండాలన్నమాట," అన్నాడు నాన్న. "ఉంటుంది. చూస్తూ ఉండు."

"మీరిద్దరూ కొట్టుకుంటే మధ్యలో దాని కాలర్ ఊడుతుంది," అంది అమ్మ మూలనున్న స్టూలు మీంచి. "నేను మాత్రం తమాషా చూడ్డానికొచ్చాను, నన్నెవరూ సాక్ష్యం అడక్కండి."

అత్త చేతులు తీసింది. సూదిపిల్ల మూట విప్పింది.

కోటు మడతలు విప్పి చూసింది. నల్లగా కనిపించే ముదురు నీలం. చేత్తో ఎత్తితే పసిబిడ్డంత బరువు. ఈ గదిలోకి రోజూ కోట్లు వస్తాయి. వాటిలో సగం పైకి ఉన్ని, లోపల మోసం. ఇది అలాంటిది కాదని వేళ్ళకే తెలిసిపోయింది. నేత కనబడకుండా గుడ్డ మొత్తం చిక్కగా, నూగు నూగుగా ముద్దకట్టి ఉంది. ఒక్క పురుగు కొట్టిన చిల్లు లేదు. టార్పాలిన్లో గాలి చొరకుండా కుట్టేసినందుకు ఆ మూట కట్టినవాడికి దణ్ణం పెట్టాలనిపించింది ఆమెకి.

"ఏంటి? ఏంటి? చెప్పవే!" అన్నాడు నాన్న.

"ఆగు నాన్నా, ఇంకా వాసన కూడా చూడలేదు."

వేలు నీళ్ళల్లో ముంచి భుజం మీద ఒక చుక్క వదిలింది. చుక్క ఇంకలేదు, గుండ్రంగా నిలబడింది. నలుగురూ తలలు వంచి ఆ నీటిచుక్కని చూశారు. అత్త ఊపిరి బిగబట్టింది. ఎందుకు బిగబట్టిందో ఆవిడకే తెలియదు.

సూదిపిల్ల జేబు లోపలి అంచు నుంచి గుడ్డ పోగొకటి పట్టకారుతో లాగి, అగ్గిపుల్ల గీసి అంటించింది. పోగు ముడుచుకుని కాలింది, మంట తీయగానే దానంతటదే ఆరిపోయింది. గదంతా జుట్టు కాలిన వాసన. మిగిలిన నల్ల పొడి వేళ్ళ మధ్య నలిపితే బూడిదైపోయింది.

"అచ్చమైన ఉన్ని! ఇందులో కల్తీ అన్నదే లేదు. తడిపి, తొక్కి, మళ్ళీ తడిపి తొక్కి గట్టిపరిచిన ఉన్ని ఇది. ఇప్పుడు ఇంత మందం గుడ్డ ఎవరూ నేయరు, నేసినా ఎవరూ మోయరు."

"ఉన్నే అని నాకూ తెలుసు. ఎప్పటిదో చెప్పు," అంది అత్త.

సూదిపిల్ల గుండీల మీద పడింది. సూది మొన ఎర్రగా కాల్చి గుండీ వెనక ఆనించింది. ప్లాస్టిక్ అయితే వెన్నలో దిగినట్టు దిగాలి. సూది దిగలేదు. మళ్ళీ జుట్టు కాలిన వాసనే.

"కొమ్ము గుండీలు! చేత్తో కోసినవి. చూడు, ఏ రెండూ ఒక్కలా లేవు."

"పాతవేగా? కొమ్ము గుండీలంటే పాతవేగా?" అన్నాడు నాన్న. గొంతు పిల్లాడి గొంతైపోయింది.

భూతద్దం పట్టుకుని కాజాలు చూసింది. ఒక్కొక్క కుట్టూ చేత్తో వేసిందే. కాలర్ పైకెత్తి వెనక్కి తిప్పింది. తిప్పగానే కుర్చీలోంచి లేచి నిలబడింది. కాలర్ కింద వరసలు వరసలుగా సన్నటి కుట్లు, లోపల గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన గట్టి గుడ్డ. దర్జీ ఒడిలో పెట్టుకుని, కాలర్ని వేలి మీద వంచి పట్టుకుని, గంటల తరబడి వేసిన కుట్లవి.

"జిగురు లేదు నాన్నా! తర్వాత తర్వాత అంతా జిగురు గుడ్డ వేసి ఇస్త్రీపెట్టెతో అంటించేయడమే. ఇది చేత్తో ఎక్కించిన కాలర్. ఉతికే పద్ధతి చెప్పే చీటీ లేదు, కొలత చీటీ లేదు. ఒకే ఒక్క మనిషి కోసం కుట్టింది. పాతది నాన్నా, చాలా పాతది!"

నాన్న రెండు చేతులూ పైకెత్తేశాడు. ఎత్తిన చేతులు ఒక రాజుగారి కిరీటానికి తగిలి అది కిందపడింది. ఎవరూ తీయలేదు.

"అప్పుడే గంతులొద్దు," అంది అత్త. మొహం కందగడ్డలా ఉంది. "మా నాన్న కొనుక్కున్నా పాత దర్జీ దగ్గరే కుట్టించుకునేవాడు. కోడలా, పూర్తిగా చూడు."

ఆ మాట నిజమే. పాత పద్ధతిలో కుట్టే దర్జీలు ఆ తర్వాతా చాలా ఏళ్ళు ఉన్నారు. సూదిపిల్ల ఉత్సాహం అణచుకుని కోటుని బల్ల మీద వెల్లకిలా పరిచి చేతులు సర్దింది. సర్దగానే కనుబొమలు ముడిపడ్డాయి. కుడి చెయ్యి పొడుగుంది, ఎడమదాని కంటే రెండు వేళ్ళ మందం పొడుగు. టేపు పెట్టి చూసింది. అంతే ఉంది.

ఇలాంటివి ఆమె చూడనివి కావు. చూసింది చూసినట్టు వదిలేస్తే బాగుండేది. కానీ ఆ ఉత్సాహంలో తనకి తెలిసిందంతా ఒలకబోయాలనిపించింది.

"ఈ కోటు వేసుకున్నాయనకి కుడి చెయ్యి కాస్త పొడుగు. బరువులు లాగేవాళ్ళకి ఇలా ఉంటుంది. మంచి దర్జీ అది కనిపెట్టి దానికి తగ్గట్టు కుడతాడు."

అత్త అమాంతం లేచింది. "విన్నావా అన్నయ్యా? విన్నావా? మా నాన్న జీవితమంతా టార్పాలిన్ చుట్టలు లాగింది కుడిచేత్తోనే!"

నాన్న చేతులు కిందికి దిగాయి.

ఇక మిగిలింది దారం. గుడ్డ ఎంత పాతదైనా కావచ్చు, ఎవరైనా దాచుకుని తర్వాత కుట్టించుకోవచ్చు. గుండీలు ఇంకో కోటువి తెచ్చి పెట్టుకోవచ్చు. కుట్టిన దారం మాత్రం కుట్టిన రోజుది. ఈ గదిలో దానికొక కట్టుబాటుంది. దారం ఎప్పుడూ కుడి చేతి అంచు లోపలి నుంచే తీయాలి, ఇంకెక్కడా ముట్టుకోకూడదు. ఇవాళ ఒకరు, రేపు ఒకరు తలోచోట లాగితే బట్ట జల్లెడైపోతుందని యజమానురాలు పెట్టిన నియమం. సూదిపిల్ల ఏళ్ళ తరబడి తు.చ. తప్పకుండా పాటిస్తోంది. ఇప్పుడూ పాటించింది. కుడి చేతి అంచు లోపల చిన్న ముక్క కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని, అగ్గిపుల్ల గీసింది.

దారం కాలలేదు. కరిగింది. కరిగి చివర చిన్న బొట్టు కట్టింది. చల్లారాక గోరుతో నొక్కితే బొట్టు రాయిలా గట్టిగా ఉంది.

సూదిపిల్ల ఇంకో ముక్క తీసి అంటించింది. అదీ కరిగింది.

"ఏమైంది?" అన్నాడు నాన్న.

ఆమెకి ఆయన మొహం చూసే ధైర్యం లేకపోయింది. "నైలాన్ నాన్నా."

"అయితే?"

"నాయనమ్మ రెండో పెళ్ళినాటికి ఏ దర్జీ దగ్గరా ఈ దారం లేదు. చాలా తర్వాత వచ్చింది."

నాన్న వంగి కింద పడ్డ కిరీటం తీసి, దుమ్ము దులిపి, దాని చోట దాన్ని పెట్టాడు. "సరే. ఒప్పందం ఒప్పందమే. మీ నాన్నదే, తీసుకో," అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. అలా మామూలుగా అనడం చూసి సూదిపిల్లకి ఏడుపొచ్చినంత పనైంది. అమ్మ స్టూలు దిగి వచ్చి ఆయన పక్కన నిలబడింది.

అత్త గెలిచింది. గెలిచిన మనిషి ఊరుకుంటుందా? కోటు గుండెకి హత్తుకుంది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ చాపి చూసుకుంది. అన్నయ్య మొహం చూసి కాస్త జాలి కలిగినట్టుంది, ఓదార్చబోయింది.

"ఏమనుకోకు అన్నయ్యా. నాకు ముందే తెలుసు. ఇదిగో, ఈ కుడి చేతి అంచు చూడు. మా నాన్న చేతి కుట్టే. ప్రతి నాలుగు కుట్లకీ ఒక ముడి. టార్పాలిన్ ఎక్కడన్నా ఒకచోట తెగితే గాలికి మొత్తం ఊడిపోకుండా అలా ముడి వేసేవాడు. చిన్నప్పుడు పక్కన కూర్చుని దారం లాగి పట్టుకున్నది నేనే. నాకు తెలియదా?"

సూదిపిల్ల సామాన్లు సర్దుకుంటోంది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అత్తా, మళ్ళీ చెప్పు."

"ఏం చెప్పమంటావ్? నాలుగు కుట్లకో ముడి..."

"తాతయ్య చేత్తో కుట్టాడా ఈ అంచు? తాతయ్యేనా? ఒట్టు?"

"ఒట్టేంటే? ఆ ముడి ఇంకెవరైనా వేస్తే నా పేరు మార్చుకుంటాను!"

"తాతయ్యకి కోటు కుట్టడం వచ్చా?"

"కోటా? నా గౌను కుడితే ఎరువుల బస్తాలా ఉండేది. అందరూ నవ్వారు."

సూదిపిల్ల అత్త చేతిలోంచి కోటు లాక్కుంది. నిజంగా లాక్కుంది, అడగలేదు. "అయితే కోటు కుట్టినవాడు ఒకడు, ఈ అంచు కుట్టినవాడు ఒకడు! నేను కాల్చింది దర్జీ దారం కాదు అత్తా, తాతయ్య దారం!"

కోటు పట్టుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తింది. ట్యూబులైటు కింద ఇంతసేపూ కనబడనిది ఎండలో కనబడింది. కుడి చేతి మీద, మణికట్టుకి కాస్త పైన, గుడ్డ చుట్టూ ఒక గీత. గీతకి పైన నీలం కొంచెం వెలిసింది. గీతకి కింద రెండు వేళ్ళ మేర కొత్తగుడ్డలా ముదురు నీలం. గీత మీద ఉన్ని అరిగి పలచబడింది. ఒకప్పుడు చెయ్యి అంచు అక్కడే ఉండేది. లోపలికి మడిచిన గుడ్డని ఎవరో విప్పి కిందికి దింపారు.

"చెయ్యి పొడుగు కాదు, మన్నూ కాదు! పొడిగించారు! నా తెలివి తెల్లారినట్టే ఉంది. నాన్నా, అగ్గిపెట్టె ఇలా ఇయ్యి!"

ఎడమ చెయ్యి తిరగేసింది. ఆ అంచుని ఎవరూ ముట్టుకోలేదు. సన్నటి, సమానమైన, ఒక్క ముడి కూడా లేని దర్జీ కుట్లు. గది నియమం గంగలో కలిసింది. అక్కణ్ణుంచి చిన్న ముక్క తీసింది. చంక దగ్గర లైనింగు కాస్త విప్పి అక్కణ్ణుంచి ఇంకో ముక్క తీసింది. హడావిడిలో మొదటి అగ్గిపుల్ల విరిగింది. రెండోది నాన్నే గీసి పట్టుకున్నాడు.

దారం భగ్గున అంటుకుంది. కాగితం కాలిన వాసన వచ్చింది. బొట్టు లేదు, ముద్ద లేదు, ఊదితే ఎగిరిపోయే బూడిద. రెండోదీ అంతే.

"నూలు! అచ్చమైన నూలు దారం. కోటంతా నూలుతోనే కుట్టారు, ఆ కుడి అంచొక్కటే నైలాన్. ఇక కాలరు, గుండీలు, గుడ్డ అన్నీ ఒకే మాట చెబుతున్నాయి నాన్నా. ఇంత వెడల్పు కాలరు, ఇంత కిందికి దిగిన గుండీ వరస నాయనమ్మ రెండో పెళ్ళినాటికే పాతబడిపోయింది. ఇది మీ నాన్న కోటు. ఏ కోర్టులో అడిగినా ఇదే చెబుతాను!"

నాన్న అరిచాడు. ఏమని అరిచాడో ఎవరికీ అర్థం కాలేదు, ఆయనకి కూడా. అమ్మ భుజాలు పట్టుకుని ఊపేశాడు. "వదలండి, నేను కోటుని కాదు," అంది అమ్మ నవ్వుతూ, ఏడుస్తూ. నాన్న కోటు ముందు నిలబడి దాని ఛాతీ మీద అరచెయ్యి పెట్టాడు. "ఇంత వెడల్పు మనిషా మా నాన్న?" అని కూతుర్ని అడిగాడు. "ఎత్తెంత ఉంటాడు? నా అంత ఉంటాడా?" భుజాలు కొలిచి, నడుం కొలిచి, సూదిపిల్ల ఒక్కొక్కటే చెప్పింది. పొడుగరి. సన్నం. ఛాతీ మాత్రం వెడల్పు. ఎడమ జేబు అంచు బాగా అరిగింది, చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడే అలవాటు ఉన్నట్టుంది. ఆ మాట వినగానే నాన్న తన ఎడమ చెయ్యి జేబులో ఉండడం చూసుకుని చటుక్కున బయటికి తీశాడు. మళ్ళీ నెమ్మదిగా లోపల పెట్టుకున్నాడు.

అత్త మాత్రం కుర్చీలో కూలబడింది. ఓడిపోయినందుకు కాదు. ఆవిడ కోటు కుడి చేతి అంచుని దగ్గరికి లాక్కుంది, ముడుల మీద బొటనవేలు పెట్టి ఒక్కొక్కటే తడుముతోంది.

"కోడలా, నాకొకటి అర్థం కావట్లేదు. మా నాన్న పొట్టి. నాకంటే పొట్టి. ఈ కోటు తను వేసుకోవాలంటే చేతులు కత్తిరించాలిగానీ పొడిగించడమెందుకు?"

సూదిపిల్ల టేపు మెడలో వేసుకుని ఆలోచిస్తోంది. చూడని తాతకి గీత దగ్గరి కొలత సరిపోయింది, అరుగుడే చెబుతోంది ఆ మాట. టార్పాలిన్ తాతకి అది కూడా ఎక్కువే. మరి ఈ రెండు వేళ్ళ మేర ఎవరి కోసం?

"ఏవండీ," అంది అమ్మ మెల్లగా. "ఒకసారి వేసుకోండి."

నాన్న వేసుకున్నాడు. భుజాలు కుదిరాయి. ఛాతీ కుదిరింది. కుడి చెయ్యి చాపాడు. అంచు సరిగ్గా మణికట్టు ఎముక మీదికొచ్చి ఆగింది, గీసినట్టు. ఎడమ చెయ్యి చాపాడు. అది పైకే ఉండిపోయి మణికట్టంతా బయటపడింది.

"పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తున్నాను, కొన్న ఏ చొక్కా చెయ్యీ ఈయనకి చాలదు," అంది అమ్మ. "ఇదొక్కటే చాలింది."

అత్త లేచి వచ్చి అన్నయ్య కుడి మణికట్టు పట్టుకుంది. "నీకోసం," అంది. "నీకోసం కుట్టాడు అన్నయ్యా. టేపు కూడా పెట్టి ఉండడు. లారీని దూరం నుంచి చూసి టార్పాలిన్ ఎంత కావాలో చెప్పేవాడు, అలాగే చూసి ఉంటాడు నిన్ను. మరి ఎడమ చెయ్యెందుకు వదిలేశాడు?"

నాన్న నిలబడ్డ చోటే నిలబడి చేతుల వంక మార్చి మార్చి చూసుకున్నాడు. సూదిపిల్లకి జవాబు తట్టింది. కానీ అది తను చెప్పాల్సింది కాదు.

"నేను వెళ్ళిపోయిన రోజు," అన్నాడు నాన్న చివరికి. "మా నాన్నది ఒక్క గుండీ అయినా ఉంచావా అని అరిచాను. షెడ్డులో పని చేసుకుంటున్నాడు. తలెత్తి, ఒక్క వారం ఆగరా అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఏదో సాకు చెబుతున్నాడనుకున్నాను. సాయంత్రం బస్సెక్కేశాను. అప్పటికి కుడి చెయ్యొక్కటే అయినట్టుంది."

అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఒక పొడుగు చెయ్యి, ఒక పొట్టి చెయ్యి ఉన్న కోటులో నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. అమ్మ ఆపబోలేదు. సూదిపిల్ల మొహం కిటికీ వైపు తిప్పుకుంది, తనూ ఏడుస్తోంది కాబట్టి. ఏడుస్తూనే ఉన్నా లోపల ఏదో సంబరం పొంగుతోంది ఆమెకి. ఇన్నేళ్ళ పనిలో ఏ బట్టా ఆమెకి ఇంత మాట చెప్పలేదు.

అత్త ముందుగా తేరుకుంది. ముక్కు చీదింది, కొంగుతో మొహం తుడుచుకుంది, కళ్ళజోడు పెట్టుకుంది.

"కోడలా, నైలాన్ దారం ఉందా మీ కొట్టులో?"

పాత బట్టకి నైలాన్ దారం తగిలించడం సూదిపిల్ల పనిలో మహాపాపం. యజమానురాలు చూస్తే ఉద్యోగం ఊడుతుంది. సూదిపిల్ల సొరుగు లాగి, ఉన్నవాటిలో గట్టి ఉండ ఏరి, లావు సూదితో సహా అత్త చేతిలో పెట్టింది.

అత్త ఎడమ చేతి పాత కుట్లు విప్పింది. మడత దింపి, కుడి చేతి పక్కన పెట్టి, అంతే ఉందో లేదో చూసుకుంది. కోటు అన్నయ్య ఒంటి మీద ఉండగానే మొదటి కుట్టు వేసింది. రెండు, మూడు, నాలుగు. నాలుగో కుట్టు దగ్గర దారం వేలికి చుట్టి, లోపలికి తిప్పి, గట్టిగా లాగి ముడి వేసింది. ఏళ్ళు గడిచినా ఆ వేళ్ళకి ఆ పని గుర్తుంది.

"ఆగాల్సింది చెల్లాయ్," అన్నాడు నాన్న. "ఒక్క వారం ఆగాల్సింది నేను."

"ఇప్పుడు ఆగు," అంది అత్త, నోట్లో దారం చివర పట్టుకుని. "కదిలావంటే సూది గుచ్చుకుంటుంది."